గీకేసిన అతుకు

పాత రేసు కారును కొత్తదానిలా మెరిపించడమే దానికిచ్చే మర్యాద అని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంతోనే ఒక మంచి కారును చేజేతులా పాడుచేశాను.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మెకానిక్ షెడ్డులో రెండూ. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన కుప్పుస్వామి నాయుడుగారి కుటుంబం నుంచే ఎస్. కరివర్ధన్ (1954–1995) వచ్చారు. మా ఊరి రేసింగుకు ఆయనే పెద్ద దిక్కు. ఆ రోజుల్లో రేసు కారు కావాలంటే విదేశం నుంచి తెప్పించుకోవాలి, లేదంటే రోడ్డు మీద తిరిగే కారునే కోసి మార్చుకోవాలి. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతీ 800 ఇంజిన్‌తో ఒక్కరే కూర్చునే ఫార్ములా మారుతీని తయారుచేశారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. సామాన్లు ఏ ఊళ్లోనైనా దొరికేవి. డబ్బున్నవాళ్ల ఆటలోకి చేతిలో పనితనం ఉన్న కుర్రాడు కూడా అడుగుపెట్టగలిగాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు, మా ఊరి నరైన్ కార్తికేయన్ తొలి పందెం శ్రీపెరంబుదూరులో ఫార్ములా మారుతీలోనే.

అలాంటి కారొకటి నా చేతికొచ్చింది. ఫైబర్ బాడీ మీద పొరలు పొరలుగా రంగులు. ముందు చక్రం దగ్గర ఛాసిస్ పైపు మీద లావాటి వెల్డింగ్ అతుకు. సీటు వెనక నూనె మరకల నోటుపుస్తకం. అన్నీ నా కంటికి మురికిగానే కనిపించాయి. గ్రైండర్ పెట్టించి అతుకును నున్నగా చేయించాను. రంగులన్నీ గీకించి ఎర్రరంగు కొట్టించాను. నోటుపుస్తకం చిత్తుకాగితాల్లో పోయింది.

ఒకప్పుడు ఆ కారు పని చూసిన పెద్దాయన దాన్ని చూడ్డానికి వచ్చాడు. వంగి, పైపు మీద బొటనవేలు రాసి, “అతుకేది నాయనా?” అన్నాడు.

“నున్నగా చేయించినాను మామా.”

ప్రాక్టీసులో కారు గుద్దుకుంటే, తెల్లారితే పందెమనగా రాత్రంతా కూర్చుని ఆయన వేసిన అతుకు అది. “మేము పడిన పాటు కనబడకుండా చేసినావే” అన్నాడు. నాకు మాట రాలేదు.

1929లోనూ 1930లోనూ ల మాన్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ కారు ‘ఓల్డ్ నంబర్ వన్’ గురించి తర్వాత చదివాను. పందేల్లోనూ ప్రమాదంలోనూ నలిగి, ఇంజిన్ మారింది, బాడీ మారింది. ఇది అసలైన కారు కాదని కొనబోయినవాళ్లు అడ్డం తిరిగితే గొడవ ఇంగ్లండు కోర్టుకెక్కింది. ఎన్ని మార్పులు జరిగినా దాని చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి ఆ పేరు దానికే చెల్లుతుందని 1990లో జడ్జి తేల్చారు. అప్పుడు తెలిసింది నేను చేసిన పనేమిటో. పరుగు కోసం మార్చినదంతా కారు చరిత్రలో చేరుతుంది. అందం కోసం నేను గీకించింది ఆ చరిత్రనే. వయసు, ధర, కప్పులు ఆ తర్వాతి సంగతి. ఎవరు కట్టారు, ఎవరు నడిపారు, ఎక్కడ విరిగింది, ఎవరు అతికారు అన్నది కారు మీదా కాగితం మీదా నిలిచి ఉంటేనే అది చారిత్రకం.

ఇప్పుడు పాత రేసు కారు కనిపిస్తే ముందు మోకాళ్ల మీద కూర్చుంటాను. పెడల్ రబ్బరు ఏ అంచున అరిగిందో, పైపు ఎక్కడ వంగి సర్దుకుందో చూస్తాను. ఛాసిస్ నంబరు రాసుకుంటాను. నడిపినవాడి పేరుతోపాటు రెంచి పట్టినవాడి పేరూ అడుగుతాను. ఆ తర్వాత అది పరుగెత్తడం వినాలి. కరివర్ధన్ పేరు మీద చెట్టిపాళయంలో 2003లో మొదలైన కరి మోటార్ స్పీడ్‌వేలాంటి చోట మలుపుకు ముందు గేరు దిగేటప్పటి శబ్దం విన్నాకే, కళ్లతో చూసిన అరుగుదలకు కారణం తెలుస్తుంది. షోరూములో నిలబెట్టిన రేసు కారు సగమే చెబుతుంది.

ఆ పెద్దాయన దగ్గర కూర్చుని గుర్తున్నదంతా చెప్పించుకుని కొత్త పుస్తకంలో రాశాను. అతుకు ఉన్నచోటూ, దాన్ని గీకించింది ఎవరన్నదీ నా పేరుతో సహా అందులో ఉన్నాయి. ఆ కారు రేపు ఎవరి చేతికెళ్లినా, నేను చేసిన పాడుపని కూడా దాని చరిత్రలో భాగంగా వాళ్లకు తెలియాలి.