ఒక కంట్లో వెన్న, ఇంకో కంట్లో సున్నం

కారుకు ఒక లైటు పసుప్పచ్చగా, రెండోది తెల్లగా వెలగాలంటే పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఏడెనిమిదేళ్ల పాత కారు, మాడిన బల్బు ఒకటి, రెండొందలు మిగుల్చుకోవాలన్న పట్టుదల ఉంటే చాలు. మొదటి రెండూ కాలమే సమకూరుస్తుంది. మూడోది మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ముందు బల్బు మాడాలి. తొందరపడకండి, మాడుతుంది. మన పాత చిన్నకార్లలో చాలావాటికి ఉండేది హెచ్4 రకం హాలోజెన్ బల్బు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు: డిమ్‌కు 55 వాట్లు, బ్రైట్‌కు 60. వెలిగినంతసేపూ ఫిలమెంటులోని టంగ్‌స్టన్ కొంచెం కొంచెంగా ఆవిరవుతుంటుంది. లోపలున్న హాలోజెన్ వాయువు దాన్ని మళ్లీ తీసుకొచ్చి ఫిలమెంటుకే అప్పగిస్తుంది గానీ, ఊడినచోటే అతికించదు. ఎక్కడో ఒకచోట తీగ సన్నబడి, ఓ రాత్రి పుటుక్కున తెగుతుంది. రెండు బల్బులూ ఒకేసారి కారెక్కాయి, ఒకే స్విచ్చుకు వెలిగాయి, ఒకే గుంతల్లో అదిరాయి. కనుక ఒకటి పోయిందంటే రెండోదానికీ రోజులు దగ్గరపడ్డట్టే.

ఈ మాటే షాపాయన అంటాడు. "జత మార్చేయండి సార్, రెండోది కూడా పోతుంది." లొంగకండి. అది సరుకు అమ్ముకునే మాటేనని గట్టిగా అనుకోండి. "వెలిగే బల్బు తీసి పారెయ్యడానికి మా ఇంట్లో డబ్బులు చెట్లకు కాయట్లేదు బాబూ" అనండి. పక్కనున్న నలుగురూ తలలూపుతారు. వాళ్ల బళ్లకూ ఒక్కో లైటు ఒక్కో రంగులో ఉంటుంది.

ఇప్పుడు ఎంపిక. రెండు వైపులా మామూలు హాలోజెనే ఉంటే కొత్తది కాస్త కాంతిగా, పాతది కాస్త మబ్బుగా ఉంటుంది, అంతే. దగ్గరికొచ్చి చూసేవాళ్లకే తెలుస్తుంది. మనకు కిలోమీటరు దూరం నుంచి తెలియాలి. హాలోజెన్ వెలుగు దాదాపు 3200 కెల్విన్లు, అంటే పసుపు ఛాయ. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదు పుత్లీబౌలిలోనో అడిగితే 6000 కెల్విన్ల ఎల్‌ఈడీ బల్బు చూపిస్తారు. కెల్విన్లు రంగు లెక్క, వెలుగు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు అని ఎవరైనా సణిగితే వినకండి. అంకె పెద్దది, అది చాలు. అట్టపెట్టెలో రెండు ఉంటాయి. ఒకటి బిగించి, రెండోది డిక్కీలో భద్రంగా దాచండి.

ఫ్రాన్స్‌వాళ్లు 1930ల చివరి నుంచి 1993 దాకా చట్టం పెట్టి మరీ పసుపు హెడ్‌లైట్లు వెలిగించారు. పాపం, రెండూ పసుపే. సగం సగం చేయవచ్చన్న ఆలోచన అంత పెద్ద దేశంలో ఒక్కరికీ తట్టలేదు.

ఎల్‌ఈడీతో ఇంకో లాభం ఉంది. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. వెలుగు పైకి ఎగదన్నకుండా అది ఆపుతుంది. రిఫ్లెక్టరునూ ఆ ఫిలమెంటు ఎక్కడుంటుందో చూసుకుని, మిల్లీమీటర్ల లెక్కన మలుస్తారు. అక్కడ వేరే తీరు బల్బు దూరిస్తే ఆ లెక్కంతా తప్పుతుంది. డిమ్‌లోనే చింతచెట్టు చిటారుకొమ్మన నిద్రపోతున్న కాకుల్ని లెక్కపెట్టుకోవచ్చు. రోడ్డు మీది గుంత మాత్రం కనపడదు. ఎదురొచ్చేవాడికి మీరూ కనపడరు, రోడ్డూ కనపడదు.

ఎల్‌ఈడీ వద్దనుకునే సంప్రదాయవాదులు హండ్రెడ్-నైంటీ బల్బు అడగండి. కంపెనీ వైరింగు 60 వాట్లకు వేసినది. 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు, 100 వాట్లంటే ఎనిమిది పైచిలుకు. విడిగా రిలే, వైరింగు కిట్టు వేయిద్దామని ఎలక్ట్రీషియన్ అంటే దాటవేయండి. కొన్నాళ్లకు హోల్డరు కాలిన వాసన దానంతటదే వస్తుంది.

బిగించేటప్పుడు గాజును వేళ్లతో పట్టుకోండి, అప్పుడే మిరపకాయ బజ్జీ తిని ఉంటే మరీ మంచిది. చమురంటినచోట గాజు అతిగా వేడెక్కి కొత్త బల్బు ఆయుష్షు కూడా తగ్గుతుంది. బల్బు మొదట్లో ఉండే మూడు రెక్కలు గాడిలో కూర్చున్నాయా లేదా అని చూడొద్దు, తీగ క్లిప్పు పడిందా, పని అయిపోయినట్టే. వెనక రబ్బరు టోపీ మిగిలిపోతే డాష్‌బోర్డు అరలో పడేయండి. దాని పని దుమ్మూ తేమా లోపలికి పోకుండా ఆపడమే కదా.

ఇంత చేశాక కూడా పాత లైటు మరీ నీరసంగా ఉంటే సంతోషించండి. తప్పు బల్బుది కాకపోవచ్చు. ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటుంది, లేదా కప్లరులో పిన్ను నల్లబడి ఉంటుంది. బల్బుకు చేరే వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజెన్ వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఎర్త్ గీకి బిగించడానికి పట్టేది పది నిమిషాలు, అందుకే ఎవరూ చేయరు. ఇక హెడ్‌లైటు ముందుండే ప్లాస్టిక్ అద్దం, ఎండకు పచ్చబడింది. టూత్‌పేస్టుతో రుద్దండి. కొన్నాళ్లు తళతళలాడుతుంది. పైనున్న రక్షణ పొర కూడా అరిగిపోతుంది గనుక మళ్లీ త్వరగా పచ్చబడుతుంది.

ఇప్పుడు రాత్రి పూట 65వ నంబరు జాతీయ రహదారి దిగి, సూర్యాపేట దాటాక ఏదైనా రెండు వరుసల ఊరి రోడ్డెక్కండి. మసక లైటు కుడివైపు ఉంటే ఫలితం పూర్తిగా దక్కుతుంది. మనం ఎడమపక్కన నడుపుతాం కదా, ఎదురొచ్చేవాడికి దగ్గరగా ఉండేది మన కుడి లైటే. అది కనపడకపోతే, అవతల ఓరగా ఎడమ లైటొక్కటే వెలుగుతుంటే, రోడ్డు పక్కన ఎవరో బైకు మీద వస్తున్నాడనుకుంటాడు. కారు సగం ఉన్నచోట ఖాళీ ఉందనుకుని అటే వస్తాడు. లారీ డ్రైవరు దూరం నుంచే డిప్పర్ కొడతాడు. పలకరింపని మురిసిపోకండి. ఈ ఒక్కటీ వెటకారానికి చెబుతున్నది కాదు.

ఈ కళనంతా చెడగొట్టే పద్ధతి ఒకటుంది. ఒకే కంపెనీ, ఒకే రకం, కారు పుస్తకంలో రాసిన వాట్ల హాలోజెన్ బల్బులు జతగా కొనండి. గాజు ముట్టుకోకుండా రెండు వైపులా వేయించండి. ఎర్త్ గీకించండి. చదునుగా ఉన్నచోట గోడకు ఏడెనిమిది మీటర్ల దూరంలో బండి నిలిపి, రెండు వెలుగులూ ఒకే ఎత్తున పడేట్టు ఫోకస్ సెట్ చేయించండి. రేపు రాత్రి ప్రయాణముంటే పైనున్నదంతా వదిలేసి, ఈ పేరా ఒక్కటి మెకానిక్‌కు చూపించండి. గంటలోపు పని.