వైర్‌లెస్ కార్డు ప్రతిష్ఠా విధానం

వైర్‌లెస్ నెట్‌వర్క్ కార్డు అంటే కంప్యూటర్ కడుపులో ఉండే చిన్న రేడియో. కంప్యూటర్ పంపే సమాచారాన్ని తరంగాలుగా మార్చి గాల్లోకి వదలడం, గాల్లోంచి వచ్చిన తరంగాలను పట్టి మళ్లీ సమాచారంగా మార్చడం దాని పని. ఇందుకు ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లను వాడుకుంటుంది. ఈ తరహా బ్యాండ్లను లైసెన్సు లేని వాడకానికి అమెరికా 1985లో తెరిచింది. 802.11 అనే ప్రమాణం 1997లో వచ్చింది. అప్పటి వేగం సెకనుకు 2 మెగాబిట్లు. భారతదేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాల్సి వచ్చేది. పాటలు వినే రేడియోకు పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి ముద్ర వేయించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకూ, 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో ఆరుబయట వాడకానికీ ఆ బాదరబందీ తప్పింది. అలా ప్రభుత్వం దారిలోంచి పక్కకు తప్పుకుంది. ఏర్పడిన లోటును తయారీ కంపెనీలు స్వచ్ఛందంగా భర్తీ చేశాయి.

పని కార్డు ఎంపికతో మొదలవుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా ఇది మూడు రూపాల్లో దొరుకుతుంది. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో గుచ్చేది ఒకటి, ల్యాప్‌టాప్ లోపల ఎం.2 స్లాట్‌లో పడుకునేది ఒకటి, బయట యూఎస్‌బీ పోర్టులో పెట్టే డాంగిల్ మరొకటి. ఏది కొన్నా డబ్బా నిండా సమాచారమే. గేమింగ్ అనే మాట ఉంటుంది, మెరుపుల బొమ్మ ఉంటుంది, కార్డు కంటే పెద్దవైన యాంటెన్నాల ఫొటో ఉంటుంది. కొనేవాడికి నిజంగా తెలియాల్సింది లోపలి చిప్ ఎవరిదన్నది. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్, బ్రాడ్‌కామ్ వంటి కొద్ది కంపెనీల చిప్‌లే రకరకాల పేర్లతో బజారులో తిరుగుతుంటాయి. డ్రైవర్ దొరుకుతుందా లేదా, లైనక్స్‌లో నడుస్తుందా లేదా అన్నవన్నీ ఆ చిప్ మీదే ఆధారపడతాయి కాబట్టి దాని పేరు డబ్బా మీద సాధారణంగా వేయరు. ఒకే మోడల్ నంబరుతో మొదటి వెర్షన్‌లో ఒక కంపెనీ చిప్, రెండో వెర్షన్‌లో ఇంకో కంపెనీ చిప్ పెట్టి అమ్మిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. వెర్షన్ నంబరు చాలాసార్లు ఎక్కడుంటుందంటే, డబ్బా తెరిచాక కార్డు వెనక అతికించిన స్టిక్కరు మీద. డబ్బా తెరిస్తే వాపసు తీసుకోరు.

చిప్ పేరుకు దొరకని చోటు అంకెలకు ధారాళంగా దొరుకుతుంది. 'ఏసీ1200' అనే కార్డునే చూస్తే, దాని గరిష్ఠ వేగం 5 గిగాహెర్ట్జ్‌లో 867 మెగాబిట్లు, 2.4లో 300. రెండూ కూడితే 1167. కొసరు వేస్తే 1200. కార్డు ఒక సమయంలో ఒక బ్యాండు మీదే నెట్‌కు కలుస్తుంది కనుక ఈ కూడికకు అర్థం లేదు. కానీ అపార్ట్‌మెంట్ కొన్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు; మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియా ఇదే. కాలు పెట్టగలిగే చోటు 867. అదీ కాయితం మీద మాటే, రూటర్ పక్కనే కూర్చున్నా చేతికి వచ్చేది సుమారు సగం. అసలు ఇంటికి వచ్చే నెట్ ప్లానే 40 మెగాబిట్లదైతే ఈ చర్చంతా దండగ. కౌంటర్ దగ్గర ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ల్యాప్‌టాప్ కార్డుల్లో ఇంకో మెలిక ఉంది. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 చూడటానికి కవల పిల్లలు. రెండూ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. మొదటిది తన పని తాను చేసుకునే పూర్తి కార్డు, ఏఎండీ యంత్రంలో పెట్టినా నడుస్తుంది. రెండోదానిలో సగం తెలివి కార్డులో కాక ఇంటెల్ చిప్‌సెట్‌లో ఉంటుంది. అలాంటి చిప్‌సెట్ లేని యంత్రంలో అది స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, స్క్రూ బిగుసుకుంటుంది, ఆపైన ఏ పనీ చేయదు. రెంటికీ పేరులో తేడా ఒక్క అంకె. ధర తక్కువగా ఉండేది సాధారణంగా రెండోదే కాబట్టి, తెలివిగా బేరమాడి కొన్నామనుకునేవారి ఇంటికి చేరేది కూడా అదే.

బిగించడంలో నిజానికి కష్టమేమీ లేదు. కరెంటు ప్లగ్గు తీసేయాలి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్షన్ కూడా తీయాలి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి క్యాబినెట్ ఇనుపరేకును ఒకసారి ముట్టుకోవాలి. ల్యాప్‌టాప్ కార్డును స్లాట్‌లో కాస్త ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి, స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ బియ్యపు గింజకన్నా చిన్నది, కిందపడితే దొరకదు. తర్వాత యాంటెన్నా వైర్లు. వైర్లు లేని కార్డుకు వైర్లేమిటనే అనుమానం వద్దు. ల్యాప్‌టాప్ యాంటెన్నాలు సాధారణంగా తెర చుట్టూ దాగి ఉంటాయి, వాటి నుంచి రెండు సన్నని వైర్లు కీలు గుండా కిందికి దిగి కార్డు దగ్గరికి వస్తాయి. వాటి చివరి కనెక్టర్లు చీమ తలంత ఉంటాయి. తిన్నగా పైనుంచి నొక్కితే 'టక్' మంటుంది. పక్కకు నొక్కితే కూడా 'టక్' మంటుంది, అయితే అది విరిగిన చప్పుడు. ఈ జాతి కనెక్టర్లను ఇంచుమించు 30 సార్లు పెట్టి తీయడానికే తయారుచేస్తారు కాబట్టి వాటి మీద అభ్యాసం చేయడం మంచిది కాదు.

డెస్క్‌టాప్ కార్డుకు యాంటెన్నాలు క్యాబినెట్ వెనక మరతో బిగిస్తారు. ఆ క్యాబినెట్‌ను బల్ల కిందికి తోసి వీపు గోడకు ఆనిస్తారు. ఇక యాంటెన్నాకూ రూటర్‌కూ మధ్య ఒక ఇనుప పెట్టె, ఒక బల్ల, ఒక మనిషి కాళ్లు. బ్లూటూత్ కూడా ఉన్న కార్డుల్లో బ్లూటూత్ మాత్రం పీసీఐ దారిన కాక యూఎస్‌బీ దారిన నడుస్తుంది. అందుకే డబ్బాలో వచ్చే చిన్న వైరును మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు తగిలించాలి. దాన్ని అదనంగా ఇచ్చిన వైరనుకుని సొరుగులో దాచి, బ్లూటూత్ పాడైందని షాపుకు వెళ్లేవారు ఎక్కువ. డాంగిల్‌కు ఈ తంటాలు లేవు గానీ, దాని పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు ఉంటే ఆ డిస్కు నుంచి 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రొద పుడుతుంది. సినిమా కాపీ అవుతున్నంతసేపూ నెట్ నత్తనడక నడవడానికి కారణం ఇదే. జానెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను దూరం జరిపితే చాలు.

బిగించాక స్విచ్ వేయాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఈ దశలో నల్లటి తెర మీద, ఇది అనుమతి లేని కార్డు అని ప్రకటించి మొరాయిస్తాయి. పాత థింక్‌ప్యాడ్‌లలో ఈ శాపానికి 1802 అనే నంబరు కూడా ఉంది. కార్డులో లోపం లేదు, స్లాట్‌లో లోపం లేదు, బిగించిన చేతిలోనూ లోపం లేదు. తాము ఆమోదించిన కార్డుల జాబితాను కంపెనీ, యంత్రం లేవగానే మొదట నడిచే బయాస్ ప్రోగ్రామ్‌లో రాసిపెట్టింది, ఈ కార్డు పేరు అందులో లేదు, అంతే. ప్రభుత్వం లైసెన్సు ఎత్తేసిన రేడియోకు ల్యాప్‌టాప్ లైసెన్సు అడుగుతోందన్నమాట. పోస్టాఫీసులోనైతే రుసుము కడితే ముద్ర వేసేవారు. ఇక్కడ ఆ సౌకర్యం కూడా లేదు.

తర్వాతి ఘట్టం డ్రైవర్. కార్డుతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేర్పే ప్రోగ్రామ్ ఇది. డబ్బాలో ఒక చిన్న సీడీగా వస్తుంది. కొత్త కంప్యూటర్లలో సీడీ డ్రైవ్ ఉండదు. సీడీ కవరు మీద, తాజా డ్రైవర్‌ను వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోమని సలహా ఉంటుంది. నెట్ ఉంటే తప్ప డ్రైవర్ రాదు, డ్రైవర్ ఉంటే తప్ప నెట్ రాదు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెత పుట్టినప్పుడు వై-ఫై లేకపోవడం ఆశ్చర్యమే. ఇప్పుడీ ముడి విప్పేది సెల్‌ఫోన్. ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు తగిలించి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే, కంప్యూటర్ దాన్ని మామూలు వైరు నెట్‌గా భావిస్తుంది, డ్రైవర్ దిగుతుంది. డౌన్‌లోడ్ పేజీలో ఆకుపచ్చగా, పెద్దగా, మెరుస్తూ కనిపించే బటన్‌ను నొక్కకూడదు. అది ప్రకటన. అసలు లంకె దానికింద బూడిదరంగు చిన్నక్షరాల్లో ఉంటుంది.

లైనక్స్ వాడేవారికి ఈ ఘట్టం చాలాకాలం పురాణ కథలా సాగింది. కంపెనీలు డ్రైవర్లు ఇవ్వక, ఎన్‌డీఐఎస్‌రాపర్ అనే ఉపకరణంతో విండోస్ డ్రైవర్లనే లైనక్స్‌లో నడిపిన రోజులున్నాయి. 2010లో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌ల డ్రైవర్‌ను బహిరంగంగా విడుదల చేయడం అప్పట్లో పెద్ద వార్త. చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీల సొత్తుగానే మిగిలింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం తప్పని డెబియన్ లైనక్స్, ఆ ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉంచకుండా ఏళ్లపాటు నిష్ఠ పాటించి, 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023లో 12వ వెర్షన్‌తో దాన్ని లోపలికి రానిచ్చింది. మడి కట్టుకున్నవాళ్లకు కూడా నెట్ కావాలి.

డ్రైవర్ ఎక్కాక చుట్టుపక్కల నెట్‌వర్కుల పేర్లు తెర మీద వరుస కడతాయి. ఒకే ఇంటి పేరు రెండుసార్లు కనిపిస్తే, చివర '5జీ' అని ఉన్నది 5 గిగాహెర్ట్జ్ బ్యాండు. దానికీ మొబైల్ 5జీకీ బంధుత్వం లేదు. అమెరికా నుంచి కొడుకో అల్లుడో తెచ్చిన ల్యాప్‌టాప్‌లో పక్కింటి నెట్‌వర్కులన్నీ కనిపించి సొంతింటిదే కనిపించకపోతే రూటర్ ఛానల్ చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇక్కడ 13 ఛానళ్లు వాడతారు, అమెరికా కార్డులు చాలావరకు 11 దగ్గరే ఆగిపోతాయి. ఎలాగూ ఆ 11లో ఒకదానిపై ఒకటి పడకుండా సర్దుకునేవి 1, 6, 11 మాత్రమే కనుక రూటర్‌ను ఆ మూడింటిలో ఒకదానికి మార్చితే అల్లుడికీ, ఇరుగుపొరుగుకూ మర్యాద.

పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలుండాలని ప్రమాణం చెబుతుంది. అందువల్లే దేశంలో ఇన్ని ఇళ్ల పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది వరకు అంకెలుగా స్థిరపడింది. రక్షణ పద్ధతుల్లో డబ్ల్యూఈపీ గుట్టు 2001లోనే రట్టయింది. దాన్ని ఎంచుకోవడం తలుపు తీసిపెట్టడంతో సమానం. 2004 నాటి డబ్ల్యూపీఏ2 గానీ, 2018 నాటి డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోవాలి. పాస్‌వర్డుకు బదులుగా వాడే డబ్ల్యూపీఎస్ పిన్‌ను ఆపేయాలి. ఎనిమిది అంకెల ఆ పిన్‌లో చివరిది మిగతా అంకెల నుంచి లెక్కగట్టేది, పైగా పిన్‌ను రెండు ముక్కలుగా విడివిడిగా సరిచూస్తారు. అందుకే కోటి ప్రయత్నాలు కావాల్సిన చోట 11,000 చాలునని 2011లో తేలింది. ఇవన్నీ సరిగ్గా పెట్టాక కూడా కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైతే, కార్డు రూటర్‌ను చిరునామా అడిగింది, జవాబు రాలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. రూటర్‌ను ఆపి మళ్లీ వేయాలి. సర్వీసు సెంటరుకు ఫోన్ చేసినా వాళ్లు మొదట చెప్పేది ఇదే, అరగంట పాటలు వినిపించిన తర్వాత.

ఇక రూటర్ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. భౌతికశాస్త్రం ప్రకారం ఇంటి మధ్యలో, ఎత్తుగా, అడ్డు లేకుండా ఉండాలి. ఆచారం ప్రకారం టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, షోకేసు అద్దం చాటున ఉంటుంది. ఇనుమూ అద్దం వెనకపూతా తరంగాలను వెనక్కి కొడతాయి, నీళ్ల డ్రమ్ము మింగేస్తుంది, ఇనుప ఊచలున్న కాంక్రీటు గోడ బాగా తగ్గించేస్తుంది. కరెంటు వస్తువులు ఆగ్నేయంలో ఉండాలని వాస్తు పండితులు చెబుతారు కాబట్టి రూటర్‌ను కొందరు అక్కడికే చేరుస్తారు. అక్కడ వంటిల్లు, అందులో మైక్రోవేవ్ ఒవెన్, అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. పెరుగన్నం తినే ఇళ్లలో నెట్ బాగుంటుంది. మిగతావారు 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి, కాకపోతే అది గోడలు దాటడంలో మరీ సుకుమారం. సిగ్నల్ ఎంతుందో గీతలను బట్టి కాక అంకెను బట్టి చూడాలి: మైనస్ 50 డీబీఎం భేషు, మైనస్ 67 వీడియోకాల్‌కు సరి, మైనస్ 80 దాటితే బీరువాను కదిలించాల్సిందే.

చివరికి వేగం కొలుస్తారు. 40 మెగాబిట్ల ప్లానులో ఫైలు సెకనుకు 5 మెగాబైట్ల చొప్పున దిగితే మోసమేమీ జరగలేదు. బైటుకు ఎనిమిది బిట్లు. ప్లాను అమ్మేవారు బిట్లలో చెప్పి, కంప్యూటర్ బైట్లలో చూపడం వల్ల రోజూ ఎన్నో ఫిర్యాదులు పుడుతుంటాయి.

అన్నీ సవ్యంగా నడుస్తూ, కాసేపు కంప్యూటర్ ఖాళీగా ఉంటే మాత్రం నెట్ తెగిపోతుంటే, విండోస్ డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కి పవర్ మేనేజ్‌మెంట్ పేజీ తెరవాలి. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతినిస్తూ అక్కడ ఒక టిక్కు ఉంటుంది. ఆ అనుమతి ఎవరూ ఇవ్వలేదు, ముందే ఇచ్చినట్టు పెట్టి ఉంటుంది. దాన్ని తీసేయాలి. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ వచ్చి చేరిందేమో చూసుకుని, చేరితే మళ్లీ తీసేయాలి.