పల్లె వాతావరణం, పన్నులు అదనం

ఆదివారం మధ్యాహ్నం రాజీవ్ రహదారి మీద తూముకుంట దాటి శామీర్‌పేట వైపు వెళ్ళండి. లేదంటే నాగ్‌పూర్ హైవే పట్టుకుని మేడ్చల్ దాకా పొండి. అడుగడుగునా పల్లెలే! ఎడ్లు లేని ఎడ్లబండి, నీళ్ళు లేని బావి, సిమెంటుతో పోసిన మర్రిచెట్టు, కింద ప్లాస్టిక్ గడ్డి. గేటు దగ్గర తలపాగా చుట్టిన పెద్దమనిషి దండం పెడతాడు. ఆయనది పక్కూరే కావచ్చు. ఉన్న రెండెకరాలు వెంచర్లో కలిశాక రైతు వేషం కట్టే కొలువు దొరికింది.

ఈ నేల ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు. అనాబ్-ఎ-షాహి పందిళ్ళు పీకి ప్లాట్లు చేశారు. ఇప్పుడు మళ్ళీ పందిరి వేసి, దాని కింద కూర్చున్నందుకు బిల్లు వేస్తున్నారు.

మెనూ తెరిస్తే మారేడుమిల్లి బొంగులో చికెన్, గోదావరి రాజుగారి పులావు, సీమ రాగిసంకటి, వాటి పక్కనే పనీర్ టిక్కా. మరి శామీర్‌పేటది ఏది? పచ్చిపులుసు అడిగితే వెయిటర్ సూప్ తెమ్మంటారా అంటాడు. జొన్నరొట్టె మాత్రం ‘హెల్దీ’ వరుసలో ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నదే తడవు, కూలీల రొట్టెకు దొరల ధర వచ్చింది.

‘అమ్మమ్మ చేతి వంట’ అని గోడ మీద రాసి ఉంటుంది. వంటింట్లోకి తొంగిచూస్తే ఒడిశా కుర్రాడు. వాణ్ణేమీ అనను. ఊరు విడిచి వచ్చిన బాధ తెలిసిన అసలైన పల్లెటూరివాడు ఆ ఆవరణలో వాడొక్కడే. చెమట వాడిది, పేరు అమ్మమ్మది, గల్లా యజమానిది.

ఇక మర్యాద సంగతి. అతిథి దేవుడంటూ నుదుట బొట్టు పెట్టిన చేతులే బిల్లులో సర్వీస్ చార్జ్ పెడతాయి. దాన్ని దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. 5 శాతం జీఎస్టీ సర్కారుకు పోయేది, కట్టక తప్పదు. సర్వీస్ చార్జ్ మాత్రం మన ఇష్టం. తీసేయమని అడిగి చూడండి, అప్పటిదాకా ‘అన్నా, తిన్నవా’ అన్న మేనేజర్ ఠక్కున ఇంగ్లిష్‌లోకి దిగుతాడు.

పల్లె పేరు వాడుకుంటే పల్లె పద్ధతీ పాటించాలి. అడగకుండానే మారు వడ్డించాలి, మంచినీళ్ళకు సీసాల లెక్క రాయకూడదు. అంత పెద్ద మనసు లేదంటారా, బోర్డు మీద ఉత్త ‘భోజనం’ అని రాసుకోండి. పప్పు మెత్తగా ఉడికితే చాలు, మేమే వస్తాం. ఊరు చూడాలనిపిస్తే హైవే దిగి శామీర్‌పేట ఊళ్ళోకే పోతాం. అక్కడ దండం పెట్టినవాళ్ళెవరూ టిప్పు కోసం నిలబడరు.