ప్రథమపాఠ పారంగతుడు

శాస్త్రము లారనియు కళలు అరువదినాలుగనియు లెక్కగట్టి, విద్యకు ఎచ్చటనో ఒకచోట పొలిమేర కలదన్న ధైర్యమును పూర్వులు మనకు ప్రసాదించియుండగా, ఆ ధైర్యమును అంతర్జాలము హరించినది. కాకినాడలో మా బావగారు విద్యుచ్ఛక్తిశాఖలో ముప్పదియైదేండ్లు పద్దులు వ్రాసి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచు, వరండాలో పడకకుర్చీపై వాలి, చెవులలో రెండు తెల్లని గుండీలు దూర్చుకొని, కాఫీ చల్లారులోపల గ్రీసుదేశచరిత్రమును, ఎండ గుమ్మమెక్కులోపల క్వాంటం భౌతికమును, భుక్తాయాసము తీరులోపల జీవరసాయనమును అభ్యసించుచుండుట చూచినవారెవ్వరును, ఈ మహానుభావుడు ఒకప్పుడు వారపత్రికలోని గళ్ళనుడికట్టును గూడ సగములో విడిచెడివాడని నమ్మజాలరు. "ఏమండీ, ఆ గ్రీసువాళ్ళు ఎక్కడికీ పోరు గానీ, గ్యాసువాడు వెళ్ళిపోతున్నాడు" అని మా అక్కయ్య లోపలినుండి చేయు హెచ్చరిక ఆయన చెవిగుండీలను దాటి పోజాలదు.

ఈ వ్యసనమునకు హేతువైన సదుపాయము సామాన్యమైనది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠములను 2002లో లోకమునకు ఉచితముగా తెరచిపెట్టినది, మన ఐ.ఐ.టి.లును బెంగళూరు విజ్ఞానసంస్థయు కలిసి 2003లో ఎన్‌పీటెల్ నారంభించినవి. 2017లో కేంద్రప్రభుత్వము 'స్వయం' అను పేర మరియొక అన్నసత్రమును వెలయించినది. తలుపులేని సత్రములో ఆకలి లేనివాడును విస్తరివేసికొనును గదా! హార్వర్డు, ఎం.ఐ.టి.లవారి ఎడెక్స్ పాఠములకు పేరిచ్చుకొన్నవారిలో సగముమందికి పైగా ఒక్కమారైనను లోపల అడుగిడలేదనియు, 2017-18లో కడముట్టినవారు నూటికి మూడుగురికంటె ఏమంత మించలేదనియు పరిశోధకులు 2019లో లెక్కతేల్చి ప్రకటించిరి. ఆరంభశూరత్వము ఆంధ్రుల సొత్తను తరతరాల అపవాదు ఆ లెక్కతో తీరిపోయినది. మా బావగారి సగోత్రీకులు ఖండఖండాంతరముల వ్యాపించియున్నారు.

బావగారికి అన్ని శాస్త్రములును వచ్చును. ఏ శాస్త్రములోను రెండవపాఠము రాదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ అను గణితాచార్యుడు ఎం.ఐ.టి.లో సుద్దముక్క చేతబట్టి చెప్పిన రేఖీయబీజగణిత పాఠములు జగత్ప్రసిద్ధములు. అందు మొదటిదానిలో ఆయన రెండు సమీకరణములను తీసికొని, ఒక్కొక్కటి ఒక్కొక్క గీతయని చూపి, గీతలు రెండును కలిసికొన్నచోట మొదటి అవ్యక్తరాశి 1, రెండవది 2 అని తేల్చును. బావగారు దానిని విని పరవశులై, "రేపు రెండోది" అని సంకల్పించుకొని నిద్రించులోపల, తేనెటీగల నృత్యభాషయో పిరమిడ్ల నిర్మాణమో అడ్డుతగులును. మూడునెలల కావలిగట్టునుండి మరలివచ్చి, మరచిపోతినేమో యన్న శంకచే మరల మొదటినుండి మొదలిడుదురు. ఇట్లు నాలుగు పర్యాయములు జరిగినది. నాలుగుమారులును జవాబు 1, 2 గానే వచ్చుట శాస్త్రముయొక్క నిత్యత్వమునకు నిదర్శనమని ఆయన నాతో ననిరి.

ఒకనాడు నేను కొంచెము చనువుగొని భర్తృహరిని జ్ఞాపకము చేసితిని. ఆయన చలింపలేదు. "విఘ్నాలకు భయపడి మొదలే పెట్టనివాణ్ణి అధముడన్నాడు, విఘ్నం రాగానే మానేవాణ్ణి మధ్యముడన్నాడు, బాగానే ఉంది. ఏ విఘ్నమూ లేకుండానే మానేవాడొకడుంటాడని ఆయనకు తట్టలేదోయ్!"

పాఠములను ఒకటిన్నర రెట్ల వేగముతో వినుట అలవాటైన పిదప, ఆయనకు మనుష్యుల సంభాషణ భరింపరానంత మందకొడియైనది. మాటాడువాని నుదుట వేలితో నొక్కి వేగము పెంచుట కేదైన ఉపాయము కలదా యన్నట్లు చూచుచుందురు. ఆయన కానిన వ్యక్తి ఊరిలో ఒక్కరే, ఏటేట తద్దినమునకు వచ్చు మా పురోహితుడుగారు; వారిది సహజముగనే రెండురెట్లు.

హార్వర్డులో మైకేల్ శాండెల్ న్యాయమును గూర్చి చెప్పిన మొదటిపాఠము విన్న మరునాటి యుదయము, గుమ్మములో గంప దించిన కూరగాయలామెను పట్టుకొని, బ్రేకులు పనిచేయని ట్రాము ఐదుగురు పనివాండ్రపైకి దూసికొనిపోవుచున్నదనియు, ప్రక్కపట్టాలపైకి మరల్చినచో ఒక్కడే మరణించుననియు, నడుపువాడవు నీవే ఐనచో ఏమిచేయుదువనియు ఆయన నిలదీసిరి. ఆమె సావధానముగ విని, "ఆయ్, ఆ అయిదుగురికీ చెవుల్లేవా అండి? ఓ కేకేస్తే తప్పుకోరా? వంకాయలు కేజీ ఇమ్మంటారా, అరకేజీయా?" అనినది. బావగారు నివ్వెరపోయి, కేక వేయుట ధర్మశాస్త్రములో ఏ ప్రస్థానమునకు చెందునో తేలక, రెండుకేజీలు కొనిరి.

పరీక్షకును ఒకమారు కూర్చుండిరి. ఎన్‌పీటెల్ పాఠములు వినుటకు రుసుము లేదు. పరీక్షకు మాత్రము వెయ్యిరూపాయలు. ఆ వెయ్యియు కట్టిన పాపమునకు చెక్కుచొక్కా ఇస్త్రీ చేయించుకొని కేంద్రమునకు పోగా, ద్వారముకడ పర్యవేక్షకుడు "తల్లిదండ్రులు బయటే ఉండాలండీ" అని ఆపెనట, హాలుటిక్కెట్టు చూపి లోనికి పోగా, ప్రక్కబల్లమీది ఇంజనీరింగు కుఱ్ఱడు జాలిగా "ఎన్నేళ్ల బ్యాక్‌లాగండీ?" అని అడిగెనట. ఫలితమును గూర్చి మా యింట ఎవ్వరును ప్రస్తావింపరు.

మొన్న సంక్రాంతికి పదవతరగతి చదువుచున్న మనుమడు వచ్చి, రేఖీయసమీకరణముల జత మింగుడుపడక ముఖము వ్రేలవేసికొని వరండాలో కూర్చుండెను. అక్కయ్య అప్పుడే వాకిట చుక్కలు పెట్టి, గొబ్బెమ్మలకై లోపలికి వెళ్ళినది. బావగారు చెవిగుండీలు తీసివైచి, పంచె ఎగగట్టి, ముగ్గుచిప్ప అందుకొనిరి. "ఈ నడిమి చుక్క సున్నా అనుకో. ఇక్కణ్ణించి ఒక చుక్క పక్కకి, రెండు చుక్కలు పైకి. అదీ మొదటి గీత. రెండోది ఎడమన ఒక చుక్క, పైకి ఒక చుక్క దగ్గర మొదలు. రెండు పక్కకి, ఒకటి పైకి. ఎక్కడ కలిశాయి?" కుఱ్ఱడు వంగి చుక్కలు లెక్కించి, "ఒకటి, రెండు!" అని కేకవేసెను. చెప్పునపుడు బావగారి కంఠములో తడబాటు లేదు, విసుగు లేదు. నాలుగుమారులు విన్నది వ్యర్థము కాలేదని నాకు తోచి, నా పరిహాసమునకు నేనే కొంత సిగ్గుపడితిని. అక్కయ్య తిరిగివచ్చి, పాడైన ముగ్గును చూచి, ఒక్కమాటయు ననక, గీతలు కలిసినచోటనే గొబ్బెమ్మను నిలిపినది.

"తాతయ్యా, నాలుగు తెలియని రాశులుంటే ముగ్గులో గీయలేం కదా? అప్పుడెలా?"

"అది రెండో పాఠంరా" అని బావగారు గంభీరముగ పలికి, చేతి ముగ్గు దులుపుకొని, ఫోను తీసి, ఒక్కక్షణ మాలోచించి, "ముందు మొదటిది ఒక్కసారి చూసి వద్దాం" అనిరి.