గుప్తంగారి తాళంచెవి

మా ఆఫీసు మాదాపూర్‌లో. గుప్తంగారన్నది మేం పెట్టుకున్న పేరు. ఇలాంటివారు ఆఫీసుకొకరైనా ఉంటారు. ఏటీఎం గదిలో ఒక్కరే ఉన్నా చేయి అడ్డం పెట్టుకుని పిన్ను నొక్కే మనిషి. టిఫిన్ డబ్బాకి కూడా చిన్న తాళం.

రోజూ రాత్రి రెండింటికి చెల్లింపుల ఫైలును బ్యాంకు సర్వరుకి పంపే స్క్రిప్టు ఆయనదే. పాత ఎఫ్‌టీపీ పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. "అందులో పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టే పోతుందయ్యా!" ఆ మాట మాత్రం నిజం. ఫిన్లాండులో ఒక యూనివర్సిటీ నెట్‌వర్కు మీద ఎవరో పాస్‌వర్డులు కాజేశాకే, 1995లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. మన ఎస్‌ఎఫ్‌టీపీ నడిచేది దాని మీదే. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఈ కథ వినాల్సిందే, టీ చల్లారేదాకా.

"మరి మన పాస్‌వర్డు ఎక్కడుంది సార్?" అంది ట్రెయినీ అమ్మాయి.

"స్క్రిప్టులోనే. ఎన్‌క్రిప్ట్ చేశాలే," అన్నారు గొంతు తగ్గించి.

చూస్తే అర్థంకాని అక్షరాల వరస, చివర రెండు ఈక్వల్‌టూ గుర్తులు. బేస్64. అది తాళం కాదు, పగటివేషం. ఆ పిల్ల ఒక్క కమాండుతో రంగు కడిగేసింది. లోపల వారి పెద్దమ్మాయి పేరు, పక్కన 123.

మూడు రోజులు మాటల్లేవు. నాలుగోరోజు ఏఈఎస్ 256తో దిగారు. గట్టి తాళమే, కాదనం. చెవేదీ? అదే ఫోల్డరులో, 'కీ' అన్న పేరుతోనే. అడిగితే ఆ ఫైలు పేరు 'పెళ్లిఫొటోలు' అని మార్చారు. పద్ధతి శత్రువుకి తెలిసిపోయినా చెవి ఒక్కటి దాగితే చాలన్నట్టుండాలని గుప్తలిపి పండితుడు కెర్క్‌హాఫ్స్ 1883లోనే చెప్పాడు. మా గుప్తంగారు పద్ధతిని దాచి చెవిని గుమ్మానికి తగిలించారు.

చివరికి ఆ అమ్మాయే విండోస్‌లో ఉన్న డీపీఏపీఐ అనే తాళంతో పాస్‌వర్డును, స్క్రిప్టు నడిచే సర్వీసు అకౌంటుకి ముడిపెట్టింది. ఫైలును వేరే మెషీనుకి ఎత్తుకుపోయినా, వేరే లాగిన్‌తో తెరవబోయినా విడదు. గుప్తంగారు తన లాగిన్‌తో ప్రయత్నించారు. విడలేదు.

"నేను పెట్టిన పాస్‌వర్డు నాకే చూపించదా?" ఆడపిల్లని అత్తారింటికి పంపిన తండ్రిలా కూలబడ్డారు.

తేరుకుని, బుద్ధిగా పాత స్క్రిప్టులోని పాస్‌వర్డు లైనును తానే తీసేశారు. గిట్‌లో పాత ప్రతులన్నీ భద్రంగా ఉంటాయని ఎవరూ గుర్తు చేయలేదు. ఆ అవసరమూ రాలేదు. ఏం తీసేశారో కామిట్ మెసేజీలో ఆయనే వివరంగా రాశారు, పాస్‌వర్డుతో సహా.