గుత్తి ఎన్నారై

అమెరికాలో మనవాళ్లు లేని ఊరు లేదని పెళ్లిభోజనాల దగ్గర గొప్పలు పోతుంటాం కదా, ఆ లెక్కలో ఒకావిడను మాత్రం ఇంతవరకూ కలపలేదు. పుట్టిల్లు నల్లమల. ఒళ్లంతా నెమలికంఠం నీలం, దాని మీద తెల్లటి ముగ్గు, ముందుకాళ్ల అడుగున పసుపు. ఎనిమిది కాళ్లూ చాపితే అరచెయ్యి దాటిపోతుంది. చెట్టుతొర్రల్లో కాపురం చేసే ఈ సాలీడును ప్రపంచమంతా ‘గూటీ సఫైర్’ అంటుంది. గూటీ అంటే మన అనంతపురం జిల్లా గుత్తే, ఇంగ్లీషు వాళ్ల స్పెల్లింగులో.

ఆవిడ గుత్తి మనిషి కాదనుకోండి, అది వేరే సంగతి. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ దొర 1899లో ఈ జాతిని లోకానికి పరిచయం చేశాడు. ఆ సాలీడు దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. ఏ అడవి దుంగతోనో టిక్కెట్టు లేకుండా వచ్చి దిగి ఉంటుందని తర్వాతి వాళ్ల అంచనా. దిగిన స్టేషనే పుట్టిన ఊరుగా రికార్డుకెక్కింది. ఆ తర్వాత వందేళ్లపాటు ఆవిడ అయిపూ అజా లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. కొన్నేళ్లు తిరిగేసరికి విదేశీ అలమరాల్లో ప్లాస్టిక్ డబ్బాల్లో కొలువుదీరింది. వీసా ఎవరు కొట్టారో, ఏ కౌంటర్లో కొట్టారో అడక్కండి. మనవాళ్లు మూడుసార్లు స్లాట్ బుక్ చేసుకున్నా కదలని వ్యవహారం, ఎనిమిది కాళ్లున్నావిడకు ఇట్టే అయిపోయింది.

డాలస్‌లో ఉండే మా తోడల్లుడి కొడుక్కి ఈ పిచ్చి పట్టింది. ఒక్కదానితో ఆగే జబ్బు కాదిది. వాడి గదిలో అలమరా నిండా డబ్బాలే. ఒక్కో డబ్బాలో అడుగున కొబ్బరి పొట్టు, నిలువుగా ఓ బెరడు ముక్క, మూతంత నీళ్లగిన్నె, పైన లాటిన్ పేరు రాసిన స్టిక్కర్. రెగాలిస్, ఫార్మోసా, స్ట్రయేటా, మెటాలికా అని వాడు గడగడా చదువుతాడు. అన్నీ మన దేశపు చెట్ల మీదివే. ఆ చెట్ల పేర్లు ఒక్క రెండు చెప్పమనండి, నీళ్లు నములుతాడు.

ఇంతకీ ఈ పెంపుడు జంతువుతో ముచ్చటేమిటంటే, ముచ్చటేమీ లేదు. ముట్టుకోకూడదు. కరిస్తే ప్రాణం పోదు గానీ కండరాలు పట్టేసి రోజుల తరబడి మూలుగుతూ పడి ఉండాలి. పిలిస్తే రాదు, యజమానిని గుర్తుపట్టదు. వెలుతురు పడితే బెరడు వెనక్కి తుర్రుమంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలను వరసగా నిలబెట్టి వాడు చూపించేది ఆ బెరడు ముక్కనే. ‘వెనకాల ఉందంకుల్, భలే ఉంటుంది’ అంటాడు. మనం ‘ఓహో’ అనాలి.

దానికి మేత కీచురాళ్లు, బొద్దింకలు. ఆ బొద్దింకలను కూడా ఆన్‌లైన్లో ఆర్డరిచ్చి, డాలర్లు పోసి తెప్పిస్తాడు. ఇక్కడ వాళ్లమ్మ అదే పురుగు కోసం వంటింటి గట్టు చుట్టూ లక్ష్మణరేఖ గీస్తూ ఉంటుంది. రాత్రి లైటు తీసేసి, పొడుగాటి పటకారుతో బొద్దింకను లోపలికి దించుతాడు. బెరడు అంచున రెండు నీలం కాళ్లు కనబడతాయి. కనురెప్ప వేసేలోగా పటకారు ఖాళీ. ఆ అర సెకను కోసం వాడు వారమంతా ఆఫీసులో మీటింగులు భరిస్తాడు.

అసలు వేడుక అది కుబుసం విడిచినప్పుడు. వాడిపోయిన చేతితొడుగులా ఉన్న ఆ తోలును నీళ్లలో నానబెట్టి, మెల్లగా విప్పి, లోపలివైపు భూతద్దం పెట్టి చూస్తారు, ఆడదా మగదా అని. లింగనిర్ధారణే! మన దగ్గరైతే స్కానింగ్ సెంటర్‌కు తాళం పడుతుంది. అక్కడ మాత్రం ఆడపిల్ల అని తేలితే యజమాని స్వీట్లు పంచుతాడు. ఆడది పదేళ్లు దాటి బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లకే పోతుంది. పైగా మగది ఈడుకొచ్చేసరికి రంగు వెలిసిపోతుంది. కాబట్టి ధర ఆడదానికే ఎక్కువ. తెలుగుగడ్డ మీద పుట్టిన జీవాల్లో ఆడపిల్ల పుట్టిందని ఇంత సంబరం ఇంకెవరి ఇంట్లో జరుగుతుందో నాకైతే తెలియదు.

ఆ మధ్య వాళ్లమ్మకు వీడియో కాల్‌లో చూపించాడు. ‘ఒరే నాన్నా, అక్కడ చీపురు దొరకదా?’ అంది ఆవిడ మొదట.

‘అమ్మా, ఇది మన నంద్యాల వైపుదే!’

‘అయితే మాత్రం?’

ఎంతకు కొన్నాడో చెప్పాడు. అవతల కాసేపు చడీచప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, ‘మన చేనుగట్టు చింతచెట్టుకు తొర్ర ఉందిరా, మీ నాన్నను ఓసారి చూడమంటా’ అంది.

‘మేమే ఈ జాతిని కాపాడుతున్నాం’ అంటాడు మావాడు. డబ్బాల్లో పిల్లల్ని పెట్టించడం బాగా వచ్చాక ధరలు కూడా దిగాయట, ఇప్పుడిక అడవిలో పట్టాల్సిన పనే లేదట. కొంత నిజమే కావచ్చు. అయితే ఆవిడ సొంతూరు సంగతేమిటి? ఈ జాతి అంతరించే అంచున ఉందని 2008లో అంతర్జాతీయ రెడ్ లిస్టు చెప్పింది. తెలిసిన చోటు ఒకే ఒక్కటి, అదీ వంద చదరపు కిలోమీటర్ల లోపే. అందులోనూ వంటచెరకుకు కొమ్మలు, కలపకు మానులు పోతున్నాయి. డాలస్ డబ్బాలో పుట్టిన మనవరాళ్లు రేపు స్వదేశాభిమానం పొంగి తిరిగొచ్చినా, దిగడానికి తొర్ర ఉండాలిగా!

పోనీ, ప్రయాణ పత్రాలైనా మనం చూశామా? 2019లో ఈ సాలీడు ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. అంటే ఇకపై అనుమతి కాగితం లేకుండా సరిహద్దు దాటించకూడదు. ప్రతిపాదన పెట్టింది ఎవరనుకున్నారు? శ్రీలంక, అమెరికా. పెళ్లి మనమ్మాయిది, శుభలేఖలు పక్కింటివాళ్లూ వియ్యంకులూ అచ్చేయించారు.

ఈ సాలీడు ధర ఎంతో రాయలేదేమని మా సబ్ ఎడిటర్ అలిగాడు. పాఠకులకు అదే కావాలిట. రాస్తే రేపు తెల్లారేసరికి నంద్యాల బస్సుల్లో సీటు దొరకదు, ఎక్కిన ప్రతివాడి చేతిలో ఓ గొడ్డలీ, ఓ ప్లాస్టిక్ డబ్బా.