టెంపరేచర్ సారు

తెలకపల్లిలో ఆయన అసలు పేరు అడిగితే జనం తెల్లమొహం వేస్తారు. టెంపరేచర్ సారంటే చిన్నపిల్లగాడైనా నెట్ సెంటర్ మెట్ల దాకా తెచ్చి దింపుతాడు.

"సారూ, పహణీ కావాలె" అని మనం పోతే ఆయన మన మొహం చూడడు. స్క్రీన్ కింద కుడిమూల, గడియారం పక్కన చూస్తాడు. అక్కడ కోర్ టెంప్ అనే సాఫ్ట్‌వేర్ నాలుగు అంకెలు చూపిస్తుంటుంది. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు, కోరుకో అంకె.

"జర ఆగు పటేలా, 72 ఉన్నది. 65కు దిగనీ."

పటేలు ఆగుతాడు. ఆయన వెనక ఇంకో ఆరుగురు ఆగుతారు. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా అయింది, 2020లో ధరణి వచ్చింది, 2025లో అది పోయి భూభారతి వచ్చింది. సారు చూపు మాత్రం ఆ మూల నుంచి కదల్లేదు. నాలుగు కోర్ల గుణాలూ ఆయనకు కంఠతా వచ్చు. మొదటిది నెమ్మదట, మూడోదానికి కోపమెక్కువట.

అలవాటైన రైతులు పల్లికాయ ధర అడిగినట్టే "ఇయ్యాల ఎంత పలుకుతుంది సారూ?" అంటారు. పింఛను కాగితం కోసం వచ్చిన ఒక పెద్దమ్మయితే నిజంగానే బాధపడింది. "దానికి జరమా బిడ్డా? గోలేసినవా?"

మే నెలలో మా దిక్కు 43 డిగ్రీలు వింతేం కాదు. షాపులో టేబుల్ ఫ్యాన్ ఒక్కటే. అది పక్క రేకు ఊడదీసిన సీపీయూ డబ్బా వైపే తిరిగి ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి, హద్దు దగ్గరికొస్తే వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి, మనుషులకే 43కు కళ్లు తిరుగుతాయని ఒకసారి చెప్పి చూశాను.

"మనిషికి చెమట పడ్తది సార్. అది ఏం జేస్తది?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

అసలు రోగం ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద ఉంది. విప్పి చూస్తే పత్తి నూగు, ఎర్రమట్టి దుమ్ము కలిసి చిన్న పరుపైంది. పెయింటు బ్రష్‌తో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూశాం. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి పిలిపించాడు. "సార్, చూడున్రి! 36!"

గోడ మీది థర్మామీటర్‌లో గది వేడి 41 ఉంది. ఫ్యాన్ గాలితో చల్లబడే వస్తువు గది కంటే చల్లగా కావడానికి అదేమైనా నీళ్లూరే కొత్తకుండా? చిప్పులోని సెన్సార్ కొలిచేది హద్దుకు ఇంకెంత దూరముందనే. సాఫ్ట్‌వేర్ ఆ దూరాన్ని హద్దులోంచి తీసేసి అంకె వేస్తుంది. వేడి బాగా ఎక్కినప్పుడు ఆ లెక్క నమ్మొచ్చు, చల్లగా ఉన్నప్పుడు తప్పుతుంది. ఇదంతా గొంతుదాకా వచ్చింది. అప్పటికే ఆయన అందరికీ చాయ్ చెప్పేశాడు. తాగి వచ్చేశాను.

వారం తిరక్కుండానే హార్డ్ డిస్క్ వేడి చూపించే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. పహణీ పనున్నవాళ్లు పొద్దున 9 లోపే పోండి. 11 దాటితే అది 45కు వస్తుంది.